రేచడి వాటా

తద్దినం నాడు పురోహితుడు అడిగేవి మూడు పేర్లే: తండ్రి, తాత, ముత్తాత. ఆ మూడో పేరు దగ్గరే మా చుట్టాల్లో చాలామంది నీళ్ళు నములుతూ జేబులోంచి చీటీ తీస్తారు. ముత్తాతకు తండ్రి ఎవరో శాస్త్రం అడగదు, మనకూ పట్టదు. ఇంటి సంగతి ఇలా ఉండగా, ఎనిమిది వందల ఏళ్ళ కిందటి ఒక సామంతుడి పుట్టుపూర్వోత్తరాలు తేల్చాలని నేను పుస్తకాలు ముందేసుకుని కూర్చుంటే మా ఆవిడకు నవ్వు రాదా మరి. "ముందు మీ ముత్తాత పేరు చీటీ చూడకుండా చెప్పండి" అంది. నిజమే. కానీ మా ముత్తాత గురించి రాయి చెక్కించినవాళ్ళు లేరు, అబద్ధం చెప్పినవాళ్ళూ లేరు. వెతకడానికి ఏమైనా దొరకాలంటే మనిషి కాస్త పెద్దవాడై ఉండాలి, అతని మీద నాలుగు రకాల మాటలు పుట్టి ఉండాలి.

నేను పట్టుకున్న మనిషి పేరు చెవిరెడ్డి. పిల్లలమర్రి బేతాళరెడ్డి అని ఇంకో పేరు. కాకతీయుల తర్వాత రాచకొండ, దేవరకొండ కేంద్రాలుగా ఏలిన పద్మనాయకులకు ఇతనే మూలపురుషుడంటారు. వెంకటగిరి, బొబ్బిలి, పిఠాపురం, జటప్రోలు సంస్థానాల వాళ్ళూ ఇతని దగ్గరికే వచ్చి ఆగుతారు. 1757లో బుస్సీ ఫిరంగులకు ఎదురు నిలిచిన బొబ్బిలి రంగారావూ ఆ సంతతే. ఇంటిపేర్లు వేరైపోయాయి: వెలుగోటివారు, రావువారు, సురభివారు. గోత్రం మాత్రం అందరికీ ఒకటే, రేచర్ల. ఆ గోత్రం ఎలా వచ్చిందన్న దగ్గరే నేను ఇరుక్కుపోయాను.

కథ 'వెలుగోటివారి వంశావళి'లో ఉంది. కల్నల్ మెకంజీ తన మనుషుల్ని ఊరూరా పంపి పోగుచేయించిన కాగితాల గుట్టలో మిగిలిన గ్రంథమిది. 1939లో నేలటూరి వెంకటరమణయ్యగారు పరిష్కరించి మద్రాసులో అచ్చువేయించారు. పద్యమూ వచనమూ కలిసిన భట్టుకవుల పొగడ్త. ఎవరు ఏ కోట ముందు ఎవరి తల తీశారో మహా శ్రద్ధగా చెబుతుంది గానీ, అది ఏ ఏడు జరిగిందన్న సంగతి దానికి పెద్దగా పట్టదు. ఆ మాటకొస్తే భట్టుకవిని తేదీలు అడగడం మన పొరపాటు. అతనికి బహుమానం ఇచ్చింది తేదీలు చెప్పినందుకు కాదు కదా.

చెవిరెడ్డి ఆమనగల్లులో వ్యవసాయం చేసుకునేవాడు. పొలం దున్నిస్తుంటే ఒకనాడు నాగలికి నిధి తగిలింది. దగ్గరున్నది అతని పాలేరు, మాల రేచడు. నిధిని కాస్తున్న శక్తి నరబలి కావాలంది. రేచడు తానే బలి అవుతానన్నాడు, కానీ ఊరికే కాదు, మాట పుచ్చుకున్నాడు. నీ వంశం వాళ్ళు నా పేరు గోత్రంగా పెట్టుకోవాలి. నీ ఇంట్లో పెళ్ళి జరిగినప్పుడల్లా ముందు నా వాళ్ళింట్లో ఒక పెళ్ళి జరిపించాలి. చెవిరెడ్డి సరేనన్నాడు. బలి జరిగింది, నిధి చేతికొచ్చింది. తర్వాత మర్రిచెట్టు దగ్గర బేతాళుడు ఎదురవడం, ఇతను బెదరకపోవడం, వరాలు, పేరు మారడం, కాకతీయ గణపతిదేవుడు పిలిపించి కొలువివ్వడం వరసగా జరిగిపోతాయి. చెప్పేవాళ్ళను బట్టి బేతాళుడి ఘట్టం అటూ ఇటూ అవుతుంది. రేచడి బలి మాత్రం ఎవరు చెప్పినా ఉంటుంది.

పెద్దింటి వంశకథలు కొన్ని చదివినవాడికి ఇది వింతగా తోస్తుంది. వంశావళి రాయించుకునే స్తోమత వచ్చిందంటే సూర్యుడో చంద్రుడో తాతల్లో చేరడం మామూలే. ఆరవీటివారు చంద్రుడి దగ్గర మొదలుపెట్టి, నడుమ నందుణ్ణీ చాళుక్యుణ్ణీ కూడా ఎక్కించుకున్నారు. కాకతీయుల వ్యవహారం ఇంకా చిత్రం. సామంతులైన మల్యాలవారి బూదపూరు శాసనం వాళ్ళను చతుర్థకులజులంటుంది. 1261 నాటి మల్కాపురం శాసనం సూర్యవంశానికి ముడిపెడుతుంది. ఆ రెంటినీ పక్కపక్కన చదివితే నాకు రాజుల కంటే వాటిని రాసిన పండితుల మీదే ఆసక్తి పుడుతుంది. అందరూ అలా పైకి చూస్తున్నప్పుడు ఈ దొరలు మాత్రం తమ గోత్రం ఒక మాల పాలేరు పేరని ఎందుకు చెప్పుకున్నారు? చెప్పుకోవడమే కాదు, సంస్థానాల వైభవం నాటికి కూడా ఆ ముక్క ఎందుకు చెరిపేయలేదు?

చరిత్రకారులకు ఒక చిట్కా ఉంది. చెప్పేవాడికి గొప్ప తెచ్చే మాటను అనుమానించు, నామోషీ తెచ్చే మాటను కొంచెం నమ్ము. ఆ లెక్కన రేచడు నిజమనుకోవాలి. నేనూ అలాగే అనుకుని పాలంపేట దాకా వెళ్ళాను.

అక్కడి రామప్పగుడి దగ్గర చిన్న మండపంలో నల్లరాతి శాసనస్తంభం ఉంది. జనమంతా మదనికలను ఫోటోలు తీసుకునే హడావిడిలో ఉంటారు కాబట్టి దాని దగ్గర ఎంతసేపు నిలబడినా ఎవరూ తొయ్యరు. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక గుడికి రద్దీ పెరిగింది, స్తంభానికి పెరగలేదు. 1213లో గుడి కట్టించిన రేచర్ల రుద్రుడి వంశం అందులో సంస్కృత శ్లోకాల్లో ఉంది. గణపతిదేవుడు దేవగిరి యాదవుల చెరలో చిక్కినప్పుడు రాజ్యం చెయ్యి జారిపోకుండా కాచిన సేనాని ఈ రుద్రుడే. అతనికి కొన్ని తరాల పైన బ్రహ్మ అనే సేనాని ఉన్నాడు. కంచి తలుపులు తెరిచి కాకతి రాజుకు వీరలక్ష్మితో పెళ్ళి చేసినవాడని అతని కీర్తి. ఆ బ్రహ్మదీ రేచర్ల వంశమే.

ఇక్కడే చిట్కా బోల్తా కొట్టింది. వంశావళి చెవిరెడ్డిని గణపతిదేవుడి కొలువులో పెట్టింది. గణపతిదేవుడు గద్దెనెక్కింది 1199లో. 1213 నాటికే రేచర్ల అన్నది తరాల నాటి పేరు. చెవిరెడ్డి పొలంలో నిధి దొరకడానికీ, రేచడు బలి కావడానికీ ముందే ఆ పేరు ఉంది. ఇక ఊరి పేరే ఇంటిపేరు కావడం మనలో ఎంత మామూలో చెప్పక్కర్లేదు. మాచర్లలా 'చర్ల'తో ముగిసే ఊళ్ళూ కొల్లలు. రేచర్ల అనే ఊరినుంచి వచ్చినవాళ్ళు రేచర్లవారయ్యారంటే సరిపోతుంది. నిధీ బలీ అక్కర్లేదు.

అంతటితో చాలించవచ్చు. కానీ సూర్యాపేట పక్కన పిల్లలమర్రి ఉంది కదా, మన చెవిరెడ్డి పేరులో ఉన్న ఊరే. అక్కడి గుళ్ళు రేచర్ల రెడ్లవి. నామిరెడ్డి శాసనం 1195 నాటిది. 1208లో బేతిరెడ్డి భార్య ఎరకసాని తన పేరుమీద ఎరకేశ్వరాలయం కట్టించింది. నామేశ్వరాలయం లోపల స్తంభాలు నున్నగా, చెయ్యి ఆనిస్తే జారేలా ఉంటాయి. తల పైకెత్తి దూలం మీద కాసేపు చూపు నిలిపితే క్షీరసాగర మథనం వర్ణచిత్రం ఆనవాళ్ళు మెల్లగా తేరుకుంటాయి. ఎవరూ చూపించకపోతే మసి అనుకుని వచ్చేస్తాం. గుళ్ళు ఇంత అందంగా ఉండకపోతే నేను శాసనాల జోలికి వెళ్ళేవాణ్ణే కాదేమో.

ఈ పిల్లలమర్రివారి బిరుదుల్లో ఒకటి 'ఆమనగంటి పురవరాధీశ్వర'. ఆమనగల్లుకు ప్రభువులన్నమాట. చెవిరెడ్డి ఊరు కూడా అదే కదా! (ఇప్పుడు శ్రీశైలం రోడ్డు మీద ఒక ఆమనగల్లు ఉంది, మిర్యాలగూడ వైపు ఇంకొకటి ఉంది. పిల్లలమర్రికి దగ్గరది రెండోది. బస్సెక్కేవాళ్ళు జాగ్రత్త.) ఊరు ఒకటి, వంశనామం ఒకటి, కాలమూ దాదాపు ఒకటే. తేడా అల్లా ఒక్కటే. గుళ్ళు కట్టించిన వాళ్ళను ఈనాడు రెడ్లంటాం, చెవిరెడ్డి సంతతిని వెలమలంటాం. కులచరిత్రలు రాసేవాళ్ళు అక్కడ పెద్ద గోడ కట్టి, గోడకు ఇవతల ఒకరు, అవతల ఒకరు కాపలా కూర్చున్నారు. రామప్పగుడి ఎవరి ఖాతాలో పడాలన్నది వాళ్ళకు ప్రాణసమానం. పండితులు కూడా చాలామంది ఇవి వేర్వేరు కుటుంబాలనే రాశారు.

వేరే అయి ఉండవచ్చు. కానీ మూలపురుషుడి పేరు మళ్ళీ ఒకసారి చూడండి, చెవిరెడ్డి. కొడుకులు దామానాయుడు, ప్రసాదిత్యనాయుడు, రుద్రానాయుడు. తండ్రి రెడ్డి, కొడుకులు నాయుళ్ళు. వంశావళి దీన్ని సంజాయిషీ చెప్పాల్సిన విషయంగానే అనుకోలేదు. సింథియా టాల్బట్ కాకతీయుల నాటి శాసనాలను రాశిగా పోసి లెక్కతీసి 2001లో ఒక పుస్తకం రాసింది. ఆ కాలంలో రెడ్డి, నాయక లాంటివి మనిషి చేసే పనినీ, అందుకున్న హోదానూ బట్టి వచ్చిన బిరుదులేననీ, ఒకే ఇంట్లో వేర్వేరు బిరుదులున్నవాళ్ళు కనబడతారనీ ఆమె చూపించింది. ఊరి పెత్తనంలో ఉన్నవాడు రెడ్డి. ఆ ఊరు వదిలి కత్తి పట్టి రాజు కొలువులో చేరిన కొడుకు నాయకుడు. తర్వాతి శతాబ్దాల్లో ఆ బిరుదులు గడ్డకట్టి కులాలయ్యాక, మనం వెనక్కి తిరిగి చెవిరెడ్డిని అటో ఇటో నిలబడమంటున్నాం. ఆయనకు మన ప్రశ్న అర్థమయ్యేదని నేననుకోను.

మరి ఈ ఇంటివాళ్ళు వంశావళికి ముందు తమ గురించి తాము ఏం చెప్పుకున్నారు? అదృష్టం బాగుండి వీళ్ళలో ఒక రచయిత ఉన్నాడు. సర్వజ్ఞ సింగభూపాలుడు. అలంకారశాస్త్రం చదివినవాళ్ళకు అతని 'రసార్ణవసుధాకరం' తెలుసు. దాని మొదట్లో తన వంశం చెప్పుకున్నాడు. సూర్యచంద్రుల ఊసు లేదు. తమది విష్ణుపాదం నుంచి పుట్టిన వర్ణమన్నాడు. అంటే నాలుగో వర్ణం. వెంటనే ఆ వర్ణానికి తోబుట్టువు ఎవరో కూడా గుర్తు చేశాడు: భగీరథుడి తపస్సు ఫలించి దిగివచ్చిన గంగ. అదే పాదంలో పుట్టిన గంగను నెత్తిన చల్లుకుంటూ మమ్మల్ని తక్కువ చేసేదేమిటని అడగకుండా అడిగాడు. ఆ తరం తెలుగు ప్రభువుల ఠీవి అది. ముసునూరివారూ రెడ్డిరాజులూ కూడా నాలుగో వర్ణమనే చెప్పుకున్నారు, తలవంచుకుని మాత్రం కాదు.

సింగభూపాలుడి జాబితాలో మొదటి మనిషి దాచయనాయకుడు. చెవిరెడ్డి లేడు, నిధి లేదు, బలి లేదు. ఇక కథ తర్వాత అల్లిందేనని తేల్చేయబోతుండగా ఒక పేరు దగ్గర చూపు ఆగింది. దాచయకూ పోచమాంబకూ ముగ్గురు కొడుకులట. సింగప్రభువు, వెన్నమనాయకుడు, మూడోవాడు రేచమహీపతి. రేచడన్న పేరు ఆ ఇంట్లో దొర బిడ్డకే పెట్టుకున్నారు. పాలేరు రుణం తలుచుకుని పెట్టుకున్నారా? లేక ఆ రోజుల్లో ఎవరైనా పెట్టుకునే పేరే అయి, తర్వాత కాలంలో దాన్ని వివరించడానికి ఒక పాలేరును పుట్టించారా? నా మనసు రెండో వైపే మొగ్గుతుంది. మొగ్గుతుందనే అంటున్నాను.

అయినా కథను అవతల పారెయ్యలేకపోతున్నాను. అది పుట్టింపే అయినా, ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు అదే పుట్టించారు, వేరొకటి పుట్టించలేదు. పాలంపేట స్తంభాన్ని మళ్ళీ తలుచుకోండి. సామంతుల వంశచరిత్రలన్నీ ఒక్క తీరుగా మొదలవుతాయి: మా పూర్వీకుడు మీ పూర్వీకుడికి ఫలానా యుద్ధంలో పనికొచ్చాడు. బ్రహ్మ సేనాని అందుకే మొదట ఉన్నాడు. వంశావళిలో ప్రసాదిత్యనాయుడు రుద్రమదేవి సింహాసనాన్ని నిలబెట్టి 'కాకతీయ రాజ్య స్థాపనాచార్య' అనిపించుకోవడమూ ఆ తీరే. మనవాడు రాజుకు ఎంత అప్పు పెట్టాడో రాసిన ఖాతా అది. రేచడి దగ్గర ఆ ఖాతా తిరగబడింది. అప్పు పడ్డది దొర, పెట్టింది పాలేరు. ఇలాంటి పద్దుతో మొదలయ్యే రాచవంశ చరిత్ర నాకు ఇంకొకటి గుర్తుకు రావడం లేదు.

ఆ అప్పు ఏమిటో ఊహించగలమా? బలి కథలు మనకు కొత్తకావు. అనంతపురం దగ్గర బుక్కరాయసముద్రం చెరువుకట్ట నిలవడానికి ముసలమ్మ బలైందని జనం చెప్పుకునే కథే కట్టమంచి రామలింగారెడ్డి చేతిలో 'ముసలమ్మ మరణం' అయింది. చెరువుకో, కోటకో, నిధికో మనిషి కావాలి. ఆ మనిషి ఎప్పుడూ ఇంటి యజమాని అవడు. రేచర్లవారు పైకొచ్చింది మెట్టనేలలో, చెరువుల మీద. రుద్రుడు గుడితో పాటే చెరువూ తవ్వించాడు, రామప్ప చెరువు కింద ఇప్పటికీ వరి పండుతోంది. ఆ నేలలో నాగలికి తగిలే నిధి ఏదైనా ఉంటే అది నీరే. దాన్ని పైకి తెచ్చింది తట్టలు మోసిన చేతులు. ఎంతమంది మట్టిలో కలిశారో ఏ స్తంభం మీదా లేదు.

ఇంకోటి కూడా ఉంది. పాత ఊళ్ళలో పొలిమేర తగాదా వస్తే మాల వెట్టివాడు నడిచి చూపించిన గీతే హద్దని చాలాచోట్ల ఒప్పుకునేవాళ్ళు. నేల లెక్క అతనికి తెలిసినట్టు ఊరిపెద్దకు కూడా తెలియదు. కొత్తగా ఒక నేలకు దొరతనం సంపాదించుకున్న ఇల్లు, ఆ నేలను తమకంటే ముందునుంచీ ఎరిగినవాళ్ళ ఒప్పుదల మాకుందని చెప్పుకోవాలనుకుంటే ఇంతకంటే గట్టి కథ ఏముంటుంది? సూర్యవంశమంటే బ్రాహ్మణుడు తలాడిస్తాడు. రేచడి వంశమంటే పొలం తలాడిస్తుంది. ఇదంతా నా ఊహే. కానీ చెవిరెడ్డికి తండ్రి ఎవరన్న ప్రశ్న కంటే ఈ ఊహకు నా దగ్గర ఎక్కువ ఆధారాలున్నాయి.

నాకు మింగుడుపడనిది ఇంకొకటి. రేచడు తానే ముందుకొచ్చాడట. యజమాని అడగలేదట. వద్దన్నా వినలేదని చెప్పేవాళ్ళూ ఉన్నారు. రాసినవాడు రేచడి తాలూకు మనిషి కాదు, తిన్నది వెలుగోటివారి ఉప్పు. పొలంలో ఇద్దరే ఉన్నారు, ఒకడు తిరిగొచ్చి జరిగింది చెప్పాడు. ఈ రోజైతే పోలీసులు ఆ తిరిగొచ్చినవాణ్ణి కూర్చోబెట్టి ఇంకొన్ని ప్రశ్నలు అడుగుతారు.

షరతుల్ని కూడా మరోసారి చూడాలనిపిస్తుంది. అడిగింది పేరు, పెళ్ళిలో ముందు వరస. పేరు నిలబడింది. రాచకొండ నుంచి బొబ్బిలి దాకా పెళ్ళి పీటల మీద, పిండప్రదానాల్లో ఎన్ని వేలసార్లు రేచర్ల గోత్రమని పలికారో! కానీ నేను చదివిన చరిత్రల్లో చెవిరెడ్డి కొడుకులకు ముగ్గురికీ పేర్లున్నాయి, మనవలకు ఉన్నాయి, వాళ్ళ కత్తులకూ బిరుదులున్నాయి. ముందుగా పెళ్ళి జరిపిస్తామని మాట ఇచ్చిన ఆ రెండో ఇంట్లో వాళ్ళవి ఒక్క పేరూ లేదు. ఇక నిధి. అది ఇద్దరికీ కలిసే దొరికింది, దున్నుతున్న నాగలి దగ్గర ఇద్దరూ ఉన్నారు. చనిపోబోయేవాడు తన పిల్లల కోసం గోత్రమర్యాదా పెళ్ళిమర్యాదా అడిగాడే గానీ, అందులో సగం పాలు అడిగినట్టు కథలో లేదు. ఒకవేళ అడిగి ఉంటే, భట్టుకవి ఆ మూడో షరతును దొర ముందు నిలబడి చదివేవాడా?